ఎనిమిదేళ్ళ అధ్యయనంలో మొదటి రెండేళ్ళు: కామారెడ్డి పల్లెల్లో నా అనుభవం

పెద్దవాళ్ళ జ్ఞాపకశక్తి, ఆరోగ్యం ఏళ్ళు గడిచేకొద్దీ ఎలా మారతాయో చూసే దీర్ఘకాలిక అధ్యయనాన్ని రూపొందించే పని 2023 ఆగస్టులో నా చేతికి వచ్చింది. మొదటి రౌండులో చివరి మనిషిని కలిసింది 2025 సెప్టెంబరులో. మధ్యలో జరిగిందంతా వరుసగా రాస్తున్నాను. పరిశోధన పద్ధతుల మీద పుస్తకాలు బోలెడున్నాయి. పరిశోధనకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ దగ్గర ఎన్నాళ్ళు ఆగాలో, ఒక్కో మనిషికి ఎంత ఖర్చవుతుందో, వాకిట్లో మంచం మీద కూర్చున్న అవ్వకు పది మాటలు చదివి వినిపిస్తే ఏం జరుగుతుందో మాత్రం నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఈ పనికి దిగబోయే పీహెచ్‌డీ విద్యార్థులకు, పబ్లిక్ హెల్త్ వాళ్ళకు పనికొస్తుందనే ఇది.

కామారెడ్డి జిల్లాను ఎంచుకోవడానికి ఒక కారణం దూరం. హైదరాబాదు నుంచి 44వ జాతీయ రహదారి మీద మూడు గంటల లోపే చేరుకోవచ్చు, తీసిన రక్తం పాడవకముందే ల్యాబుకు తేవచ్చు. అక్కడ బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఎక్కువ, కొడుకులు గల్ఫ్‌లో ఉన్న ఇళ్ళు ఎక్కువ. పడమటి మండలాల్లో తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ, కన్నడం మాట్లాడే పెద్దవాళ్ళు దొరుకుతారు. ఈ చివరి సంగతి మీద నాకు ఆశ ఎక్కువ. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (ముదిరే మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన పరిశోధనలో, రెండు భాషలు వచ్చినవాళ్ళలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురాని వాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. అది ఆస్పత్రికి వచ్చిన రోగుల లెక్క. జబ్బు లేనప్పటి నుంచే ఒక మనిషిని చూస్తూ వస్తే ఏం తెలుస్తుందన్నది నా ప్రశ్నల్లో ఒకటి.

ఆగస్టు నుంచి నవంబరు దాకా కాగితం మీదే గడిచింది. ఎందరిని తీసుకోవాలి, ఏ వయసు నుంచి, ఎన్నేళ్ళకోసారి కలవాలి అన్నదాని మీద మా బృందంలో గట్టి వాదనలు జరిగాయి. ఒక్కసారే పెద్ద సర్వే చేసి వయసుల వారీగా పోల్చుకుంటే చాలదా అని గణాంకాలు చూసే సహచరుడు అడిగాడు. అమెరికా మనస్తత్వవేత్త వార్నర్ షాయ్ 1956లో సియాటిల్‌లో మొదలుపెట్టిన అధ్యయనం ముందుపెట్టాను. వేర్వేరు వయసుల వాళ్ళను ఒకేసారి పరీక్షించి పోలిస్తే తెలివితేటలు నడివయసులోనే తగ్గిపోతున్నట్టు కనిపించింది. అవే మనుషులను ఏడేళ్ళకోసారి మళ్ళీ పరీక్షిస్తే, సగటున అరవై దాకా చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. కామారెడ్డిలో ఈ ప్రమాదం ఇంకా పెద్దది. ఇక్కడ 75 ఏళ్ళ ఆడవాళ్ళలో బడికి వెళ్ళినవాళ్ళు అరుదు, 50 ఏళ్ళ వాళ్ళలో ఐదో తరగతి, ఏడో తరగతి చదివినవాళ్ళు దొరుకుతారు. ఇద్దరి మార్కులూ పక్కపక్కన పెట్టి, ఆ తేడా అంతా వయసుదే అనడం ఆ పెద్దావిడకు చేసే అన్యాయం. బడి లేకపోవడాన్ని మనం జబ్బుగా లెక్కగడుతున్నట్టు.

చివరికి 50 దాటినవాళ్ళను, రెండేళ్ళకోసారి, మొత్తం నాలుగు రౌండ్లు కలవాలని తేల్చాం. కనీసం మూడుసార్లన్నా చూడకపోతే ఒక మనిషిలో వచ్చింది నిజమైన మార్పో, ఆ రోజు నిద్రలేక తప్పిన లెక్కో చెప్పలేం. ప్రతి రౌండులోనూ నూటికి 15 మంది తగ్గిపోతారని అంచనా వేసుకుంటే, 900 మందితో మొదలుపెడితే నాలుగో రౌండుకు 550 మంది మిగులుతారు. ఈ లెక్క స్క్రీన్ మీద చూసినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు. తగ్గిపోయేవాళ్ళు ఎవరన్నది అసలు సమస్య. చనిపోయేవాళ్ళు, మంచాన పడేవాళ్ళు, మతి తప్పుతున్న సంగతి బయటపడుతుందని తలుపు వేసుకునేవాళ్ళు. మిగిలేది గట్టివాళ్ళు. వాళ్ళను మాత్రమే చూస్తే ఊరంతా బాగుందనిపిస్తుంది.

మా మేడమ్ అప్పుడు చెప్పిన మాట రెండేళ్ళు నా డైరీ మొదటి పేజీలోనే ఉంది. "మొదటి రౌండు ఎవరైనా చేస్తారు. నాలుగో రౌండులో ఆ ఇంటి తలుపు ఎందుకు తెరుస్తారో రాయి, అక్కణ్ణుంచి వెనక్కి రా" అన్నారు. ఆ తర్వాత మేం తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ ఆ ప్రశ్నతోనే తూచాను.

తర్వాత పరీక్షల ఎంపిక. దేశమంతా 45 దాటిన 70 వేల మందికి పైగా చేసిన లాసి సర్వే, దాని నుంచి 60 దాటిన 4,096 మందిని తీసుకుని డిమెన్షియా కోసం ప్రత్యేకంగా చేసిన లాసి-డాడ్, కోలారు జిల్లా శ్రీనివాసపురలో బెంగళూరు సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ నడుపుతున్న శాన్స్‌కాగ్ అనే దీర్ఘకాలిక అధ్యయనం, ఈ మూడింటి పద్ధతులనూ వరుసగా చదివాం. శ్రీనివాసపుర పల్లెల్లో తెలుగు బాగా వినిపిస్తుంది కాబట్టి అది మాకు దగ్గరి చుట్టం. కొత్త పరీక్షలు కనిపెట్టాలన్న ఉత్సాహం ప్రతి పరిశోధకుడికీ ఉంటుంది. దాన్ని అణచుకోమని గట్టిగా చెబుతాను. పక్కవాళ్ళు వాడిన కొలతే మనమూ వాడితే రేపు మన 900 మందిని వాళ్ళ వేలమంది పక్కన నిలబెట్టి చూడొచ్చు.

అయినా ఉన్నవి ఉన్నట్టు వాడలేం. ప్రపంచమంతా వాడే 30 మార్కుల పరీక్షలో ఒక వాక్యం రాయమంటారు, ఒకదాని మీద ఒకటి పడిన రెండు పంచభుజులను చూసి గీయమంటారు. జీవితంలో పెన్సిల్ పట్టని మనిషికి అది జ్ఞాపకశక్తి పరీక్ష కాదు, అవమానం. చదువురాని వాళ్ళ కోసం హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో మేరీ గంగూలీ బృందం 1995లో ప్రచురించిన హిందీ పరీక్ష మాకు దారి చూపింది. బొమ్మ గీయడానికి బదులు, నైజీరియాలోని ఇబాదాన్‌లో పరిశోధకులు వాడిన అగ్గిపుల్లల పరీక్ష తీసుకున్నాం. పుల్లలతో ఒక ఆకారం పేర్చి చూపిస్తాం, వాళ్ళు అలాగే పేర్చాలి. బీడీలు చుట్టిన చేతులు ఆ పుల్లలను ఎంత నేర్పుగా కదిలించాయో పైలట్‌లో (అసలు రౌండుకు ముందు చేసిన చిన్న ప్రయత్నంలో) చూసి నాకు కళ్ళు చెమర్చాయి. పెన్సిల్ ఇస్తే ఇదే మనిషికి సున్నా వచ్చేది.

మాటల జాబితాలు నాలుగు తయారుచేశాం, ఒక్కోదాంట్లో పది మాటలు. మూడుసార్లు వినిపించి, కాసేపయ్యాక ఎన్ని గుర్తున్నాయో అడుగుతాం. నాలుగు ఎందుకంటే, రెండోసారి అదే జాబితా ఇస్తే జ్ఞాపకశక్తి బాగున్నవాళ్ళకు పాత మాటలే గుర్తొచ్చి మార్కులు పెరుగుతాయి, నిజంగా వచ్చిన తగ్గుదల దాని కింద దాక్కుంటుంది. నాలుగు జాబితాల కష్టం సమానంగా ఉండాలి, ఏ ఊరికి ఏ రౌండులో ఏ జాబితా వెళ్ళాలో లాటరీ తీయాలి. ఆ మాటలేమిటో ఇక్కడ రాయను. ఎనిమిదేళ్ళ పాటు అవి బయటికి పొక్కకూడదు.

2023 డిసెంబరు మధ్యలో ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టాం. జనవరి చివర మొదటి సమావేశం, ఫిబ్రవరిలో రెండు పేజీల ప్రశ్నలు, మార్చిలో మా జవాబులు, ఏప్రిల్ మూడో వారంలో అనుమతి. నాలుగు నెలలు. విదేశీ నిధులు లేవు కాబట్టి ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీకి వెళ్ళే పని తప్పింది. అది కూడా ఉన్నవాళ్ళు ఇంకా ఎక్కువ సమయం పెట్టుకోండి.

కమిటీ అడిగిన ప్రశ్నల్లో ఒకటి నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఈ రోజు ఒప్పుకుని వేలిముద్ర వేసిన మనిషికి నాలుగేళ్ళ తర్వాత మతిమరుపు ముదిరితే, అప్పుడు ఆ మనిషి తరఫున సరే అనేది ఎవరు? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం చదువురాని వాళ్ళ అంగీకారానికి సంబంధం లేని చదువుకున్న సాక్షి ఉండాలి, అంగీకారం చెప్పలేని స్థితిలో ఉన్నవాళ్ళ తరఫున చట్టబద్ధమైన ప్రతినిధి సంతకం చేయాలి. ఆ ప్రతినిధి ఎవరో ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆ మనిషినే అడిగి రాసుకోవాలని తేల్చాం. ఒక్క సంతకంతో సరిపెట్టకుండా విడివిడిగా అడిగాం: ప్రశ్నలకు సరేనా, రక్తానికి సరేనా, రక్తం ఏళ్ళ తరబడి దాచడానికి సరేనా, నువ్వు లేని రోజున మీ ఇంటివాళ్ళను వచ్చి అడగొచ్చా. ఈ చివరిది అడగడానికి మా ఫీల్డ్ అమ్మాయిలు మొదట్లో నోరు తెరవలేకపోయారు. వాళ్ళకంటే తేలిగ్గా తీసుకున్నది పెద్దవాళ్ళే.

ప్రతినిధి పేరు అడిగేటప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదన్న నియమం పైలట్ మొదటి వారంలోనే పెట్టుకున్నాం. ఒకామె, కొడుకు వాకిట్లో నిలబడి ఉండగానే, "గాయన కాదు, నా చిన్నబిడ్డ పేరు రాయి" అంది. ఆ ఇంట్లో ఆ సాయంత్రం ఏం జరిగిందో మాకు తెలియదు. ఆ ఆలోచన మమ్మల్ని బాధపెట్టింది.

పైలట్ 2024 మే, జూన్ నెలల్లో, రెండు ఊళ్ళలో. ఎండ వల్ల పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదిన్నరకు ఆపేవాళ్ళం. కాగితం మీద గంటన్నర అనుకున్నది రెండున్నర గంటలు దాటింది. అంతసేపు కూర్చోబెడితే చివరి పరీక్షలో కొలిచేది అలసటనే. సగం ప్రశ్నలు తీసేసి, మిగిలినవి రెండు పూటలకు విడగొట్టాం: మొదటి రోజు జ్ఞాపకశక్తి పరీక్షలు, ప్రశ్నలు, మర్నాడు పొద్దున బీపీ, బరువు, చూపు, వినికిడి, పరగడుపున రక్తం.

వయసు తెలుసుకోవడమే ఒక పరీక్ష. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉన్నవాళ్ళు ఎందరో. మార్కులను బేరీజు వేసేది వయసును బట్టి కాబట్టి ఐదేళ్ళు అటూఇటూ అయితే ఆరోగ్యవంతుడు రోగి అవుతాడు. అందుకే ఊరి సంఘటనలతో ఒక క్యాలెండర్ రాసుకున్నాం. "పోలీస్ యాక్షన్ నాటికి నువ్వు పుట్టినవా తాతా?" అంటే 1948. "అరవై తొమ్మిది లొల్లిల నీకు పెండ్లయిందా?" అంటే తెలంగాణ ఉద్యమం. "రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యమిచ్చినప్పుడు నీ పెద్దకొడుకు ఎంత పిలగాడు?" అంటే 1983. వీటికి ఊళ్ళో చెరువు తెగిన ఏడాది, కరెంటు వచ్చిన ఏడాది కలిపాం. వయసు తేల్చడానికి ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు పట్టింది. ఆ పదిహేను నిమిషాల్లోనే మనుషులు మాతో కలిసిపోయారు. ఆ ముచ్చట్లు అయ్యాక పరీక్ష పెడితే భయం ఉండేది కాదు.

ఈ రోజు తారీఖు ఎంత అని అడిగితే తల అడ్డంగా ఊపిన అవ్వ, "అమాస ఎల్లుండి బిడ్డా, గంతే ఎరుక" అంది. కాలంలో తానెక్కడుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు. తిథి, తెలుగు నెల, కార్తె చెప్పినా మార్కు ఇవ్వాలని మాన్యువల్‌లో రాసుకున్నాం. దీనికి ముందు ఏ జవాబు ఒప్పుకోవాలో, ఏది ఒప్పుకోకూడదో పది రోజులు చర్చించాం. నియమం ఒకసారి రాశాక ఎనిమిదేళ్ళూ అదే ఉండాలి. మధ్యలో మార్చితే మారింది మనిషో, మన నియమమో తెలియదు.

ఇళ్ళల్లో ఒంటరితనం దొరకదు. పది మాటలు చెప్పి, ఇప్పుడు నువ్వు చెప్పు అనగానే కిటికీలోంచి మనవడు అరిచి చెప్పేవాడు. పోనీ పంచాయతీ ఆఫీసుకు రమ్మందామంటే మంచాన పడినవాళ్ళు రాలేరు. ఇంకో అడ్డంకి కోతులు. ఇంట్లో ఎవరూ లేకపోతే కోతులు పెంకులు పీకేస్తాయని, కాపలా మనిషి ముసలివాళ్ళేనని, ఇల్లు వదిలి రామన్నారు చాలామంది. అందుకే ఇంటికే వెళ్ళాలని, ఇద్దరిద్దరుగా వెళ్ళాలని నిర్ణయించాం. ఒకరు పెద్దవాళ్ళతో లోపల కూర్చుంటే, ఇంకొకరు ఇంటివాళ్ళను చెట్టు కిందికి తీసుకెళ్ళి వాళ్ళను అడగాల్సినవి అడుగుతారు. దీంతో జీతాల ఖర్చు రెట్టింపయింది.

వినికిడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పైలట్‌లో ఒక పెద్దావిడ మాటల పరీక్షలో పదికి రెండే చెప్పింది. కోడలు పక్కకు పిలిచి, "ఏడాది సంది గిట్లనే ఉంది మేడం, ఏం జెప్పినా యాదిల ఉంటలేదు" అని కళ్ళు తుడుచుకుంది. చెవి దగ్గర మెల్లగా మాట్లాడి చూస్తే ఆవిడకు అసలు సగం మాటలు వినబడటం లేదు. చిన్న మైకు, హెడ్‌ఫోన్ ఉన్న వినికిడి పెట్టె తెప్పించి, కొన్ని వారాల తర్వాత వేరే జాబితాతో మళ్ళీ చేశాం. ఏడు చెప్పింది. ఏడాదిగా ఆ ఇంట్లో ఆవిడను మతి తప్పిన మనిషిగానే చూస్తున్నారు. నేను వ్యాన్‌లో కూర్చుని ఏడ్చాను. ఆ పెట్టె ఖరీదు ఒక్కోటి ఆరు వేల లోపు. మొత్తం బడ్జెట్‌లో అంత విలువైన ఖర్చు ఇంకోటి లేదు. అదే ఏడాది జూలై చివర వచ్చిన లాన్సెట్ కమిషన్ నివేదిక, మనం ఆపగలిగిన 14 కారణాలను సరిచేస్తే డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని చెప్పింది. వినికిడి లోపం అందులో ఉంది, చూపు లోపం కొత్తగా చేరింది. అక్షరాలు రానివాళ్ళ కోసం ఇంగ్లీషు 'E' అక్షరాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి చూపించే చార్టు అప్పటికే మా సంచిలో ఉంది. సంతోషమనిపించింది.

అసలు రౌండు 2024 సెప్టెంబరులో మొదలైంది. తొలి పది రోజులూ ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న: "పింఛన్ బంద్ జేస్తరా?" అప్పటి ఆసరా పింఛను 2,016 రూపాయలు ఆ ఇళ్ళల్లో మందుల ఖర్చు, కోడలి ముందు ముసలివాళ్ళ గౌరవం కూడా. వయసు అడుగుతున్నామంటే పింఛను కోసమే అనుకున్నారు. ఆశా కార్యకర్తను తోడు తీసుకెళ్ళడం, పింఛనుతో సంబంధం లేదన్న వాక్యాన్ని అంగీకార పత్రంలో మొదటి వాక్యంగా మార్చడం రెండూ పనిచేశాయి. చిన్న మార్పుకైనా కమిటీకి మళ్ళీ రాయాలి, దానికి మూడు వారాలు పట్టింది. నవంబరులో రాష్ట్రమంతా సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. మమ్మల్నీ అందులోవాళ్ళే అనుకుని, "మొన్ననే రాయించినం గద" అని పంపేశారు. ఆ నెల ఇళ్ళకు వెళ్ళడం దాదాపు ఆపేసి డేటా సరిచూసుకున్నాం. ఎన్నికలు, సర్వేలు, వరి కోతలు, కల్లాల రోజులు అన్నీ ముందే క్యాలెండర్‌లో పెట్టుకోవాలి. వడ్లు రోడ్డు మీద ఆరబోసినప్పుడు ఇంట్లో ఎవరూ దొరకరు.

పండగలు మాత్రం మాకు వరం. బతుకమ్మకు బిడ్డలు పుట్టింటికి వస్తారు, దసరాకు, సంక్రాంతికి హైదరాబాదులో ఉన్న కొడుకులు వస్తారు. పెద్దవాళ్ళ మతిమరుపు గురించి వాళ్ళను ఎరిగిన ఇంకొకరిని అడిగే ప్రశ్నావళి ఒకటుంది. పదేళ్ళ కిందట ఎలా ఉండేవారు, ఇప్పుడెలా ఉన్నారు అని పోల్చి చెప్పమంటుంది. ఇంట్లో ఉన్న చిన్నకోడలు వచ్చి మూడేళ్ళయితే ఆమె ఎలా చెబుతుంది? పదేళ్ళుగా ఎరిగినవాళ్ళే చెప్పాలన్న నియమంతో చెల్లెళ్ళను, పక్కింటివాళ్ళను, బీడీల కార్ఖానాలో పక్కన కూర్చునే స్నేహితురాళ్ళను వెతికాం. గల్ఫ్‌లో ఉన్న కొడుకులతో శుక్రవారం వాట్సాప్ కాల్‌లో మాట్లాడాం, వాళ్ళకు సెలవు ఆ రోజే. "అమ్మ మొన్న ఫోన్ల నా పేరు మర్చిపోయింది మేడం" అని సౌదీ నుంచి ఒకతను చెప్పి ఆగిపోయాడు. ఇలాంటి మాటలకు ప్రశ్నావళిలో గడి ఉండదు. నోట్స్ అని ఒక ఖాళీ పేజీ ప్రతి ఫైలులో పెట్టించాను.

రక్తం దగ్గర పుకార్లు పుట్టాయి. అమ్ముకుంటారని ఒక ఊళ్ళో ప్రచారమైంది. తీసేది రెండు చెంచాలంతే అని నీళ్ళతో కొలిచి చూపించాక కొంత తగ్గింది. పరగడుపు అంటే అన్నం తినకపోవడమనే వాళ్ళ లెక్క, అయిదింటికే చాయ్ తాగేసేవాళ్ళు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి చాయ్ కూడా వద్దని చెప్పడం, రక్తం తీశాక అక్కడే ఉప్మా, చాయ్ ఇవ్వడం అలవాటు చేశాం. బీ12, థైరాయిడ్, షుగర్ రిపోర్టులు ఇంటికి తెచ్చి చదివి చెబుతామని మాటిచ్చాం. ఈ ఒక్క పని వల్లే రెండో రౌండుకు తలుపులు తెరుచుకుంటాయని నా నమ్మకం. బీ12 తక్కువై మతిమరుపు వచ్చినవాళ్ళకు మందుతో తేరుకునే అవకాశం ఉంది, ఆ సంగతి మనకు తెలిసీ కాగితంలో దాచుకోవడం తప్పు.

కొంత ప్లాస్మాను (రక్తంలోని ద్రవభాగాన్ని) మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాం. అల్జీమర్స్ జాడ చూపే పీ-టావ్ 217 అనే ప్రొటీన్ లాంటి పరీక్షలు ఇప్పుడు రక్తంతోనే చేస్తున్నారు, మరో ఐదేళ్ళకు ఏవి వస్తాయో. ఫ్రీజర్‌కు ఏడు లక్షలకు పైగా అయింది, జనరేటర్, స్టెబిలైజర్ వేరే. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డిలో కురిసిన వాన తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. జాతీయ రహదారి తెగింది, రైళ్ళు ఆగాయి. ఆ పొద్దున తీసిన రక్తం ఐస్ పెట్టెలోనే పాడైంది. అంతకంటే మాకు భయం వేసింది మనుషుల గురించి. మా అమ్మాయిలు తమ దగ్గరున్న ఫోన్ నంబర్లన్నిటికీ చేసి ఒక్కొక్కరి క్షేమం కనుక్కున్నారు. అది ఎవరూ చెప్పి చేయించింది కాదు. ఆ వారం మిగిలిపోయిన ఇళ్ళు సెప్టెంబరులో పూర్తయ్యాయి.

మార్కులు తక్కువొచ్చినవాళ్ళకు ఏం చెప్పాలన్నది ఇప్పటికీ నాకు బరువే. ఒక్కసారి చేసిన పరీక్షతో జబ్బు పేరు చెప్పం. చెవి, చూపు, దిగులు, బీ12, థైరాయిడ్ చూసి, అవేవీ కారణం కాదనిపిస్తే జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆస్పత్రికి ఉత్తరం రాసి, ఒకరిని తోడిచ్చి పంపుతాం. ఆర్టీసీలో పనిచేసి రిటైరైన ఒకాయన, అన్నిటికీ సరిగ్గానే జవాబిచ్చి, చివర్న నా చెయ్యి పట్టుకుని, "మా అన్నకు వచ్చింది బిడ్డా, నాకు మొదలైందా చెప్పు" అన్నారు. ఈ రోజుకు మీ జవాబులు మీ వయసువాళ్ళకు తగ్గట్టే ఉన్నాయి, రెండేళ్ళకు మళ్ళీ వచ్చి చూస్తాను అన్నాను. అంతకుమించి నిజాయితీగా చెప్పగలిగింది లేదు.

ఖర్చు మాట. ఫ్రీజర్ లాంటి సామాను తీసేస్తే ఒక్కో మనిషికి మొదటి రౌండులో దాదాపు 4,500 రూపాయలు పడింది. అందులో రక్త పరీక్షలు 1,600 దాకా. పని పోగొట్టుకున్నందుకు ఇంటికి 400 ఇచ్చాం. అది ఆశ చూపడం కాదా అని కమిటీ అడిగితే, బీడీలు చుట్టే మనిషికి రెండు పూటల్లో పోయే కూలి లెక్క రాసి చూపించాం. అడిగిన నిధుల్లో ఐదో వంతు కోత పడింది, ఎంఆర్‌ఐ పూర్తిగా వదులుకున్నాం. దానికి పెద్దగా బాధపడలేదు. నన్ను బాధించేది వేరే ఉంది. మాకు వచ్చిన నిధులు మూడేళ్ళకే. మేం పల్లెలకు ఇచ్చిన మాట ఎనిమిదేళ్ళది. దేశంలో పరిశోధన నిధులు చాలావరకు రెండేళ్ళు, మూడేళ్ళ గడువుతోనే వస్తుంటే ముసలితనం ఎలా సాగుతుందో ఎవరు చూస్తారు? డబ్బు దొరక్కపోతే రాలేకపోవచ్చని అంగీకార పత్రంలో రాసి, చదివి వినిపించాం. చాలామంది ఆ వాక్యాన్ని పట్టించుకోలేదు, "మల్ల ఎప్పుడొస్తరు?" అనే అడిగారు.

అందుకని నిధులతో సంబంధం లేకుండా నడిచే ఏర్పాటు ఒకటి చేసుకున్నాం. ప్రతి మనిషికీ మూడు నంబర్లు రాసుకున్నాం: ఇంట్లోది, ఊళ్ళో వేరే ఇంటిది, ఊరి బయట ఉన్న బంధువుది. ఇంట్లో ఫోన్ కోడలిదో మనవడిదో అయి ఉంటుంది, ఏడాదిలో మారిపోతుంది. ఊరి బయటి నంబరే నిలిచేది. ఉగాదికి, దసరాకు ఫోన్ చేసి బాగోగులు అడుగుతాం, కొత్త నంబరు ఉంటే రాసుకుంటాం. పేర్లు, నంబర్లు ఉన్న ఫైలు వేరే తాళంలో, పరీక్షల ఫైలు వేరే చోట. ఒక్కో విడత ఫోన్లకు ఇద్దరు మనుషుల మూడు వారాల పని, ఆ జీతం మా విభాగం సాధారణ ఖాతా నుంచి ఇవ్వడానికి మేడమ్ ఒప్పించారు. రెండో రౌండు 2026 చివర్లో మొదలవ్వాలి. దాని నిధుల దరఖాస్తు 2025 నవంబరులో వేశాం, జవాబుకు ఆరు నెలలు పట్టొచ్చన్నారు. మా ఫీల్డ్ మాన్యువల్, సంఘటనల క్యాలెండర్, విడివిడి ప్రశ్నలున్న తెలుగు అంగీకార పత్రం ఇలాంటి పని చేసే ఎవరికైనా ఇస్తాం. మాటల జాబితాలు తప్ప.